నా నంబర్ నుంచి నలభై మూడు కాల్స్

"ముక్కు చల్లగానే ఉందా?" ఫోన్‌లో అడిగింది డాక్టర్.

నేను ముక్కు పట్టుకుని చూసుకున్నాను. "చల్లగానే ఉందండీ."

"అయితే కంగారేం లేదు. సాయంత్రం ఇంకోసారి చూసి చెప్పండి," అని పెట్టేసింది.

ఆవిడ కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేసే డాక్టర్. నేను ఇంటర్నెట్ ఫోన్లు బిగించేవాణ్ణి. వారం కిందట ఆవిడ క్లినిక్‌లో ఒకటి పెట్టి వచ్చాను. అక్కడ ఎవరూ ఎత్తకపోతే, నాలుగో రింగు తర్వాత కాల్ ఆవిడ మొబైల్‌కి వెళ్లిపోతుంది. ఆ రోజు నుంచి ఆవిడే నాకు ఫోన్ చేస్తోంది. "మీ మిస్‌డ్ కాల్ చూశాను, ఇప్పుడెలా ఉంది?" అంటుంది. నేను మిస్‌డ్ కాల్ ఇచ్చిన పాపాన పోలేదు. అయినా అంత తియ్యటి గొంతు అడుగుతుంటే కాదనడానికి నోరెలా వస్తుంది? బాగానే ఉందని చెప్పేవాణ్ణి.

"ఒరేయ్, కుక్కల డాక్టర్‌కి నీ ముక్కుతో ఏం పనిరా?" అంది అక్క. షాపు మా ఇద్దరిదీ.

"అభిమానమక్కా!"

"అభిమానమా, నీ మొహమా!"

ఉన్నట్టుండి ఆ ఫోన్లు ఆగిపోయాయి. ధైర్యం చేసి నేనే చేస్తే కలవలేదు. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. మూడో రోజు జోరున వాన కురుస్తుంటే, గొడుగైనా సరిగ్గా మూయకుండా షాపులోకి దూసుకొచ్చింది డాక్టర్.

"మీకు పనీపాటా లేదా? మొన్న ఒక్కరోజే నాకు నలభై మూడు కాల్సా?"

"నేనా?"

"కాదు, మీ గోడ! మీ బిల్లు మీదున్న నంబరే ఇది," అంటూ ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. పైనుంచి కింద దాకా నా నంబరే. ఆవిడకి ఫోన్ చేద్దామని రోజుకి అన్నిసార్లూ అనుకున్న మాట నిజమే. కొంపదీసి నిద్రలో గానీ చేసేశానా అని నా మీద నాకే అనుమానం వచ్చింది.

"నేను చేస్తే ఒక్కసారైనా ఎత్తడు, మీకు నలభై మూడా!" అక్క బుగ్గలు నొక్కుకుంది.

"ఎత్తితే ఎవరో పాప, కుందేలు తినట్లేదంటుంది. నేను తిరిగి చేస్తేనేమో మీరెత్తి, బాగానే ఉందంటారు! అంతా కలిసి ఆటపట్టిస్తున్నారనుకుని మీ నంబర్ బ్లాక్ చేశాను. రిటైరైన పోస్టుమాస్టర్ గారు నిన్న క్లినిక్‌కి పదకొండుసార్లు చేశారట. వాళ్ల కుక్కకి ఊపిరాడట్లేదు. నా ఫోన్ మోగలేదు. నేను బయటి నుంచి క్లినిక్‌కి వచ్చేసరికి, దాన్ని ఎత్తుకుని వానలో గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. బతికింది గానీ, ఇంకో పది నిమిషాలైతే పోయేది. ఆయన కాల్ నాకెందుకు రాలేదు? చెప్పండి!"

గబగబా లాప్‌టాప్ తెరిచి క్లినిక్ ఫోన్ సెట్టింగ్స్ చూశాను. మొబైల్‌కి పంపేటప్పుడు ఎవరి నంబర్ చూపించాలో నింపే గడి ఒకటి ఉంటుంది. అక్కడ, ఫోన్ చేసినవాళ్ల నంబరే చూపించమని పెట్టాలి. నేను టెస్టింగ్ కోసం నా నంబర్ కొట్టి, తీయడం మర్చిపోయాను. క్లినిక్‌కి ఎవరు ఫోన్ చేసినా ఆవిడకి కనపడింది నేనే. నా నంబర్ బ్లాక్ చేస్తే అందరి నోళ్లూ మూతబడ్డాయి.

"తప్పు నాదేనండీ," అని అంతా చెప్పాను.

"అంత ముఖ్యమైనది ఎలా మర్చిపోయారు?"

ఏదో ఒక సాకు చెప్పొచ్చు. కానీ ఒక ప్రాణం పోబోయింది, నాకు అబద్ధం రాలేదు. "సరిగ్గా అప్పుడే మీరు కుక్కపిల్లని ఎత్తుకుని వచ్చి నన్ను చూసి నవ్వారు. తర్వాత ఏం చేశానో గుర్తులేదు. మీరంటే నాకు చాలా ఇష్టమండీ. అయినా అది సాకు కాదు. క్షమించండి."

నేను ఆ గడి సరిచేశాను. అక్క తన మొబైల్ నుంచి క్లినిక్‌కి ఫోన్ చేస్తే, డాక్టర్ ఫోన్‌లో అక్క నంబరే కనపడింది.

"ఇక ఎవరు చేస్తే వాళ్ల నంబరే వస్తుంది. నా నంబర్ బ్లాక్‌లోనే ఉంచేసుకోండి," అన్నాను.

ఆవిడ గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. సాయంత్రం పోస్టుమాస్టర్ గారింటికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. ఆయన కడుపారా తిట్టి, ఆ తర్వాత కూర్చోమన్నారు.

మర్నాడు మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. డాక్టర్!

"మీరు పెట్టిన ఫోన్ సరిగ్గా పని చేయట్లేదు," అంది.

"మళ్లీ ఏమైందండీ?"

"పొద్దున్నుంచి ఇరవై కాల్స్ వచ్చాయి. అందరి నంబర్లూ వచ్చాయి. మీ నంబర్ మాత్రం రాలేదు."

"నేను చేయలేదు కదండీ. బ్లాక్‌లో ఉన్నాను కదా?"

"తీసేశాను. పోస్టుమాస్టర్ గారు అంతా చెప్పారు. మీరు చేయరా?"

"ఇప్పుడు మాట్లాడుతూనే ఉన్నాం కదండీ?" అన్నాను అయోమయంగా.

పక్కనే చెవి పెట్టి వింటున్న అక్క తల బాదుకుంది. "పెట్టేసి నువ్వు చెయ్యరా, మొద్దూ!"

పెట్టేసి, నేను చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"ఈసారి నిజంగా మీరేనా?" నవ్వుతోంది.

"నేనేనండీ," అన్నాను.