జమ్మి చెట్టు మీద నలభై ఒక్క పేర్లు

బాలనర్సింహ సంగతి ఇంటి యజమానురాలు కౌసల్యమ్మ చెప్పగానే కాలనీ అంతటికీ తెలిసింది. ఆమె చెప్పినదాన్ని బట్టి, వెనక గదిలో అద్దెకుండి మంచినీళ్ళ క్యాన్లు వేసే ఆ మనిషికి సెల్‌ఫోన్లు రెండు, పెళ్ళాం మాత్రం లేదు. ఒక ఫోను మోగితే బజార్లో నిలబడే మాట్లాడతాడట. రెండోది మోగితే బాత్‌రూములోకి పోయి నల్లా విప్పుకుంటాడట. దమ్మాయిగూడలో ఎవరినో పెట్టుకున్నాడనీ, వారంలో ఆ గుట్టు తేలుస్తాననీ ఆమె పక్కింటావిడతో పందెం కాసింది. ఇందులో నల్లా మాట నిజం. దమ్మాయిగూడ మాట అబద్ధం. బాలనర్సింహకు ఉన్నదల్లా ఢిల్లీలో ఒక ఆఫీసు. దానికి బోర్డు ఉండదు.

2011 దసరాకు వారం ముందు ఆ రెండో ఫోను మోగింది. సకల జనుల సమ్మె మీద బస్సులన్నీ డిపోల్లో పడుకున్న రోజులవి. ఉప్పల్ స్టేడియం గోడ పక్కన ఆగి ఉన్న తెల్ల కారు దగ్గరికి అతను తన ట్రాలీ ఆటో తోలుకుపోయాడు. కారు అద్దం రెండంగుళాలు దిగింది.

"క్యాన్‌లో ఎన్ని లీటర్లు?"

"ఇరవై. మా ఓనర్ నింపితే పందొమ్మిది."

కోడ్ సరిపోయింది. డోర్ తెరుచుకుంది.

లోపల ఉన్నది ఆపరేషన్స్ చీఫ్ లక్ష్మీకాంత్. కాకినాడ మనిషి. వేలు కాలుతున్నా ఇస్త్రీ చొక్కా నలగనివ్వడు. ఫైల్ తెరిచి నేరుగా బ్రీఫింగ్‌లోకి దిగాడు. ఖర్జాన్ అనే ఎడారి దేశంలో పెద్ద దేశం సైన్యం ఎనిమిదేళ్ళ కింద పోయి కూర్చుంది. డిసెంబరు ముప్పై ఒకటికి లేచి వచ్చేస్తోంది. ఎలా రావాలో పదకొండు వందల పేజీల ప్లాన్ తయారవుతోంది. దాని పేరు రెస్పాన్సిబుల్ విత్‌డ్రాయల్.

"అంటే ఏంది సార్?"

"బాధ్యతగా వెళ్ళిపోవడం."

"కూసున్నప్పుడు లేని బాధ్యత లేస్తున్నప్పుడు వచ్చిందా?"

లక్ష్మీకాంత్ ఆ మాట విననట్టే పేజీ తిప్పాడు. పెద్ద దేశం ఆ పనిని ఒక కంపెనీకి ఇచ్చింది. ఆ కంపెనీ ఇంకో కంపెనీకి ఇచ్చింది. చేతులు మారి మారి ఆ టైపింగంతా నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఈశాన్య డేటా సర్వీసెస్ అనే రెండంతస్తుల ఆఫీసులో పడింది. ఏ లారీ ఏ ఓడెక్కాలి, ఏ జనరేటర్ ఏ రేవులో దిగాలి, ముళ్ళకంచె ఎన్ని చుట్టలు, అన్నీ అందులో ఉన్నాయి. సైన్యం కుక్కలకు విమానంలో సీటు నంబర్లున్నాయి. వెంట ఒక పశువుల డాక్టరు కూడా ఉన్నాడు. చిట్టచివర, అనుబంధం పద్నాలుగులో, 'ఇతరములు' అన్న హెడ్డింగు కింద నలభై ఒక్క మంది మనుషులున్నారు. ఎనిమిదేళ్ళు సైన్యానికి నోరై తిరిగిన ఆ దేశపు దుబాసీలు వాళ్ళు. పేరు, తండ్రి పేరు, వీధి, ఇల్లు అన్నీ రాసి ఉన్నాయి.

"సైన్యం పోయిన మర్నాడు వాళ్ళ తలుపులు తట్టడానికి అక్కడొక ముఠా కాచుకుని ఉంది. వాళ్ళకు కావలసింది అడ్రసులు. కొరియర్ ఆల్రెడీ హైదరాబాద్‌లో దిగాడు. లీక్ మన నేల మీద జరిగితే దేశానికి పరువు పోతుంది. కాంట్రాక్టులు పోతాయి."

పోయేవాటిలో మనుషుల పేరు ఆయన ఎత్తలేదు. బాలనర్సింహకు అది గుచ్చుకుంది. ఇరవై ఒక్కేళ్ళ కింద అతను సిపాయిగా శ్రీలంకలో ఉన్నాడు. చెల్లత్తురై అనే బడిపంతులు వాళ్ళ పటాలానికి దుబాసీగా ఉండేవాడు. ఓడెక్కాల్సిన రోజుకు ముందురోజు ఆయన తనది, పెళ్ళాంది, ఇద్దరు ఆడపిల్లలది పేర్లు ఒక కాయితం మీద రాసి బాలనర్సింహ చేతిలో పెట్టాడు. రేపు పొద్దున ఆఫీసర్‌కు ఇస్తానని ఇతను మాటిచ్చాడు. ఓడ ఆ రాత్రే కదిలింది. పంతులు ఇంటి తలుపు ఎవరు తట్టారో నెల తర్వాత తెలిసింది. ఆ కాయితం ఇంకా ఇతని ట్రంకు పెట్టెలో ఉంది.

"లోపల మనకు సోర్స్ ఉంది. సుష్మ. క్వాలిటీ హెడ్. ఆర్నెల్ల నుంచి మనకు పనిచేస్తోంది," అన్నాడు చీఫ్. సుష్మ ఇచ్చిన కబురు ప్రకారం మేనేజర్ జగన్మోహన్ దసరా సాయంత్రం బూటు మడమలో మెమరీ కార్డు పెట్టుకుని శంషాబాద్‌లో విమానమెక్కుతాడు. టీమ్ మొత్తం ఎయిర్‌పోర్టులోనే మాటు వేస్తుంది. బాలనర్సింహ మాత్రం ఎప్పట్లాగే ఆఫీసులో నీళ్ళు పోస్తూ ఉండాలి. అందుకోసం చీఫ్ అతనికొక క్యాన్ మూత ఇచ్చాడు. చూడ్డానికి నీలం ప్లాస్టిక్ మూతే. లోపలంతా స్కానర్. పది అడుగుల్లో ఎక్కడ మెమరీ కార్డున్నా సన్నగా వణుకుతుంది.

ఈశాన్య ఆఫీసులోకి ఫోను, పెన్ను, తెల్ల కాయితం ఏదీ పోనివ్వరు. గేటు దగ్గర జేబులు తిరగేస్తారు. ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఆ రూలు పక్కకు తప్పుకుంటుంది. నవమి నాడు కంప్యూటర్లకు పసుపు రాసి బొట్లు పెట్టి పూజ చేస్తారు. శమీ శ్లోకం రాసి, దాని కింద ఇంటిల్లిపాది పేర్లూ రాసి, మర్నాడు ఆ కాయితాలను జమ్మి చెట్టుకు కట్టిస్తారు. అమ్మవారి ముందు రూల్సు మాట్లాడే ధైర్యం సెక్యూరిటీ వాడికి కూడా లేదు.

ఆ నవమి నాడు బాలనర్సింహ క్యాన్ దింపుతూ అంతా చూశాడు. సుష్మ నెమలిపింఛం రంగు పట్టుచీర కట్టింది. ఆమె నడిచిపోతే టైపింగు చేసే చేతులు ఆగిపోతాయని ఆ ఆఫీసులో పేరు. చదువురాని స్వీపర్ ఉప్పలమ్మను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. కంప్యూటర్ వెలుగుతుండగా కీబోర్డు మీదే కాయితం పెట్టి ఉప్పలమ్మ ఇంటి పేర్లు రాసిపెట్టింది. ఎంత మంచి మనిషి అనుకున్నాడు బాలనర్సింహ. జేబులో మూత వణకలేదు.

దసరా నాడు సాయంత్రం నాలుగున్నరకు ఉప్పలమ్మ ఉప్పల్‌లో అతను పనిచేసే నీళ్ళ ప్లాంటు ముందుకొచ్చి నిలబడింది. బస్సుల్లేవు, తన తల్లిగారి ఊరు నాచారమే, జమ్మి పూజ దాకా జర దింపమని అడిగింది. ఆమెను ఆటోలో ఎక్కించుకున్నాడు. హబ్సిగూడ దాటేదాకా ఆమె సుష్మ మేడం పొగడ్తే. మేడం తన కాయితానికి స్వయంగా పచ్చదారం చుట్టిందట, పొద్దున్నే వాచ్‌మన్‌తో అందరి కాయితాల కన్నా ముందు చెట్టుకు కట్టించిందట. ఒక్క సంగతే ఆమెకు మింగుడు పడలేదు.

"నర్సింహన్నా, మా ఇంట్ల ముగ్గురమే. మూడు పేర్లు జెప్పిన. మేడం కాయితం రెండు దిక్కుల నిండ రాసింది. గింతగనం ఏంది మేడం అంటే, మీ ఏడు తరాల పెద్దలవి గూడ రాసిన అన్నది. పెద్దల పేర్లు జమ్మికి రాస్తరా ఎవలన్న? పెద్దలకు పెత్రమాస ఉండె గద, మొన్ననే పాయె. జమ్మి కాయితం మీద బతికున్నోళ్ళ పేర్లే ఉండాలె. అయినా మా తాత పేరే నాకు ఎరుక లేదు, ఆమెకు ఏడు తరాలు ఎట్ల దొరికినయి?"

బాలనర్సింహ బ్రేకు తొక్కాడు. వెనకున్న ఖాళీ క్యాన్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. చదువురాని మనిషి చేతి కాయితం. తెలుగు అక్షరాల్లో పరదేశం పేర్లు. దాన్ని పట్టుకునే స్కానర్ ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్య నాడు పెద్దలకు బియ్యమిచ్చే సంగతి తెలియని మనిషే ఆ అబద్ధం ఆడగలదు.

రెండో ఫోను తీశాడు.

"సార్, ఎయిర్‌పోర్టు ఉత్తదే. సరుకు నాచారంల ఉంది. జమ్మి చెట్టు మీద."

"ఏ చెట్టు?"

"జమ్మి. సుష్మ రెండు దిక్కుల గేమ్ ఆడుతుంది."

"జగన్మోహన్ లైన్లో నిలబడ్డాడు. ఇంకో పది నిమిషాల్లో బూట్లు విప్పిస్తాం. నువ్వు నీళ్ళు పొయ్యి." ఫోను కట్ అయింది.

నాచారం పాత ఊరి జమ్మి చెట్టు ఇప్పుడు ఒక ఫ్యాక్టరీ ప్రహరీకి, ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్‌కు మధ్య ఇరుక్కుని ఉంది. అయినా దసరా నాడు జనం అక్కడికే వస్తారు. పూజారి హారతిచ్చి మొదటి రెమ్మ తుంచే దాకా చెట్టు మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. ఆ తర్వాత వందల చేతులు ఒక్కసారే పడతాయి. ముఠా ఆ క్షణాన్నే ఎంచుకుంది. అందరి చేతులూ చెట్టు మీద ఉన్నప్పుడు ఒక చేతిని ఎవరు చూస్తారు? అతను ఆటో దిగేసరికి పూజారి హారతి పళ్ళెం ఎత్తాడు. మూడో కొమ్మకు పచ్చదారం కనబడుతోంది. ఎవడు కొరియర్? రెండొందల మంది ఉన్నారు. అందరూ కొత్తబట్టల్లోనే ఉన్నారు.

చెట్టుకు దగ్గరగా, పంజరం మీద గుడ్డ కప్పి, పాలపిట్టను చూపించేవాడొకడు నిలబడ్డాడు. దసరాకు పాలపిట్టను చూస్తే మంచిదని జనం పది రూపాయలిచ్చి గుడ్డ తొలగించి దండం పెడుతున్నారు. మామూలే. బాలనర్సింహ వాణ్ణి దాటబోతుండగా పంజరంలోంచి చప్పుడొచ్చింది. గుటుర్, గుటుర్.

పల్లెలో పెరిగిన చెవి అది. పాలపిట్ట గొంతు చీరుకుపోయిన గరగర. ఈ చప్పుడు పావురానిది. పావురానికి నీలం రంగు పూసి తెచ్చాడు వెధవ.

పూజారి రెమ్మ తుంచాడు. జనం ఒక్క ఊపున చెట్టు మీద పడ్డారు. పిట్టవాడి చెయ్యి మూడో కొమ్మ దాకా పోయింది. పచ్చదారం మాయమైంది. పంజరం అడుగున పళ్ళెం జరిగి మూసుకుంది. మెయిన్‌రోడ్డు మీద ఇంజను ఆపకుండా ఒక నల్ల కారు నిలబడి ఉంది. చెట్టుకు, కారుకు మధ్య ఇరవై అడుగులు. వాడు పదిహేను నడిచాడు.

పదహారో అడుగు దగ్గర బాలనర్సింహ ఎదురెళ్ళి వాడి చేతిలో జమ్మి ఆకులు పెట్టాడు.

"బంగారం తీస్కో బావా. అలాయ్ బలాయ్." వాణ్ణి కౌగిలించుకున్నాడు.

పిట్టవాడి చెయ్యి నడుము దగ్గరున్న పిస్టల్ మీదికి పోయింది. అక్కడే ఆగిపోయింది. రెండేళ్ళు రోజుకు వంద క్యాన్లు మోసిన చేతుల మధ్య ఊపిరే ఆడకపోతే పిస్టల్ ఎలా లేస్తుంది? చుట్టూ అందరూ కౌగిలించుకుంటూనే ఉన్నారు. ఎంత ప్రేమో చూడండి అని ఎవరో ముసలాయన మెచ్చుకున్నాడు. పంజరం కింద పడి, పావురం బయటికొచ్చి, వాడి తెల్లచొక్కా మీద నీలం మరకలు వేసి ఎగిరిపోయింది. వాడు మోకాళ్ళ మీద కూలబడ్డాక ఉప్పలమ్మ వచ్చి పంజరం అడుగులోంచి కాయితం తీసి, "గిది నాదే" అంది.

నల్ల కారు కదలలేదు. ముందు బాలనర్సింహ వదిలిన ట్రాలీ ఆటో అడ్డం ఉంది. అందులోంచి సుష్మ దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, పారిపోకుండా కారుకు ఆనుకుని నిలబడింది.

"నీళ్ళవాడివి నువ్వా? లక్ష్మీకాంత్ ఎప్పుడూ చెప్పలేదు."

"నలభై ఒక్క మంది మేడం. పెళ్ళాం పిల్లలతోని."

"నేను ధర తీసుకుని అమ్మాను. మీ వాళ్ళు ఊరికే ఇచ్చేస్తారు చూడు."

రాత్రి ఎనిమిదికి లక్ష్మీకాంత్ నీళ్ళ ప్లాంటుకు వచ్చాడు. జగన్మోహన్ బూటు మడమల్లో నాచారం మట్టి తప్ప ఏమీ దొరకలేదట. ఆ సంగతి ఒక్క ముక్కలో ముగించి, సుష్మనూ పిట్టవాణ్ణీ తమవాళ్ళు తీసుకుపోయారని చెప్పి, కంగ్రాట్స్ అంటూ చెయ్యి కలిపాడు. ఉప్పలమ్మ ఒక మూల క్యాన్ మీద కూర్చుని ఉంది. ఉప్పల్‌లో ఇల్లు దగ్గరే అయినా, తన ఇంటి మూడు పేర్లు కొత్త కాయితం మీద రాయించుకుని గాని కదలనంది.

"వాళ్ళు ఎప్పుడెక్కుతరు సార్ విమానం?" అన్నాడు బాలనర్సింహ.

"ఎవరు?"

"దుబాసీలు."

లక్ష్మీకాంత్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సాయంత్రమే పెద్ద దేశం నుంచి మెసేజ్ వచ్చిందన్నాడు. బయటి చెయ్యి తగిలిన లిస్టును నమ్మకూడదని వాళ్ళ రూలు. అనుబంధం పద్నాలుగు డిలీట్ చేశారు. సర్వర్లో లేదు, బ్యాకప్‌లో లేదు. వాళ్ళు మళ్ళీ ఫ్రెష్‌గా అప్లై చేసుకోవచ్చు. వెరిఫికేషన్‌కు పద్దెనిమిది నెలలు పడుతుంది.

"సైన్యం లేచేది డిసెంబర్ల గద."

"డేట్ మారదు."

"కుక్కలు?"

"అవి వేరే అనుబంధం."

బాలనర్సింహ చేతిలో ఉప్పలమ్మ కాయితం ఉంది. పైన శమీ శ్లోకం, కింద గుండ్రటి తెలుగు అక్షరాల్లో నలభై ఒక్క పేర్లు, వీధులు, ఇళ్ళు. వాళ్ళున్నారని చెప్పడానికి ఈ లోకంలో మిగిలిన ఆధారం ఇదొక్కటే. ట్రంకు పెట్టెలో ఉన్న ఇంకో కాయితం అతనికి గుర్తొచ్చింది.

లక్ష్మీకాంత్ జేబులోంచి లైటర్ తీశాడు. బాలనర్సింహ వైపు చాచాడు. అతను అందుకోలేదు. చీఫ్ దాన్ని ఉప్పలమ్మ ముందు పెట్టాడు.

"నీ పేరు మీదున్న కాయితమే కదమ్మా. నువ్వే కాల్చెయ్. కేసు క్లోజ్."

ఉప్పలమ్మ లైటర్ వైపు చూడలేదు. బాలనర్సింహ చేతిలోంచి కాయితం తీసుకుని నాలుగు మడతలు వేసి కొంగున ముడేసుకుంది.

"బతికున్నోళ్ళ పేర్లు కాలవెట్టద్దు సారూ. వాళ్ళు సచ్చినంక పెత్రమాసకు మీరు ఎట్లాగూ బియ్యం ఇయ్యరు."