పచ్చలైటూ, వరహాలు అనుమానమూ

దివిటిపాలెం రేవులో మంచాలమ్మే దుకాణాలు రెండూ మూతబడి ఆరు నెలలైంది. ఒకదాంట్లో ఇప్పుడు టిఫిన్లు అమ్ముతున్నారు, రోజుకి ఐదు పూటలు. నిద్రపోని మనిషికి ఆకలి ఎక్కువ మరి.

దీనికంతటికీ కారణం నుదుటికి కట్టుకునే ఒక పట్టీ. దాని పేరు జాగృతి. రేవులో పనిచేసే వాళ్ళందరికీ కట్టేశారు. అది కట్టుకున్నవాడు వారానికి ఒక్క ఆదివారం నిద్రపోతే చాలు, మిగతా ఆరు రోజులూ మేలుకునే ఉంటాడు. మేలుకున్నాడని లోకానికి తెలియడానికి పట్టీ మీద మినపగుండంత పచ్చలైటు వెలుగుతుంది. నిద్రొస్తే అది ఎర్రబడుతుందట. ఎర్రబడగా చూసినవాడు మాత్రం ఇంతవరకూ లేడు.

వరహాలుకి అక్కడే అనుమానం.

వరహాలు రేవు క్వార్టర్స్‌లోని అంగన్‌వాడీలో ఆయా. ఇరవై రెండేళ్ళుగా రోజూ మధ్యాహ్నం, అన్నాలయ్యాక, పాతికమంది పిల్లల్ని చాపల మీద పడుకోబెట్టి కథ చెప్పి నిద్రపుచ్చుతుంది. కథ అన్నాక ఊఁ కొట్టేవాళ్ళుండాలి. ఏది కథ వింటూ కొట్టే ఊఁయో, ఏది బుర్ర పడుకున్నాక నోరొక్కటే మిగిలి కొట్టే ఊఁయో ఆవిడకి తెలిసినంతగా ఏ డాక్టరుకీ తెలీదు. వింటున్న ఊఁ ఒక్కలా ఉండదు. కథలోకి పులి వస్తే సాగుతుంది, లడ్డూ వస్తే ఎగిరి పడుతుంది. నిద్ర ఊఁకి పులైనా లడ్డూ అయినా ఒకటే, గోడగడియారంలా కొట్టుకుంటూ పోతుంది.

మొగుడు సన్యాసిరావు నాలుగు వారాలుగా ఆ రెండోరకం ఊఁ కొడుతున్నాడు.

సన్యాసిరావు క్రేను ఆపరేటరు. తాటిచెట్టుకి మూడింతల ఎత్తున గాజుగదిలో కూర్చుని, లారీ అంతేసి పెట్టెల్ని ఓడలోంచి ఎత్తి ఒడ్డున దించుతాడు. గురువారం ఆయన దించిన పెట్టె, కింద జెండా ఊపుతున్న మనిషికి మూరెడు దూరంలో దిగింది. "సూసుకోనేదేటి?" అని ఇంటికొచ్చాక నిలదీస్తే "ఊఁ" అన్నాడు. శనివారం అమ్మోనియా టాంకుల ఓడ వస్తోంది. ఒక్క టాంకు జారితే క్వార్టర్స్, అంగన్‌వాడీ, చాపల మీద పిల్లలు... వరహాలు అంతకు మించి తలుచుకోలేకపోయింది. ఆవిడకి నిజంగా భయమేసింది.

ఎవరైనా క్రేను దిగి విశ్రాంతి తీసుకోవాలంటే జాగృతిని కనిపెట్టిన డాక్టర్ ఇందుశేఖరం సంతకం చెయ్యాలి. శుక్రవారం పదకొండింటికి పిల్లల్ని టీచరుకి ఒప్పజెప్పి, విశ్రాంతి ఫారం పట్టుకుని వరహాలు ఆయన గదికి వెళ్ళింది.

డాక్టరు గారు సన్నగా, పొడుగ్గా, నలగని చొక్కాలో ఉన్నారు. నుదుట పట్టీ, దాని మీద పచ్చలైటు. తన మందు తానే మింగిన వైద్యుడని వరహాలుకి కొంచెం గౌరవం కలిగింది.

"కూర్చోండమ్మా. మీ సందేహమేమిటి?"

"నిద్దర నేకపోతే మనిసి ఎలగ బతుకుతాడు బాబూ?"

"మంచి ప్రశ్న. మెదడు మేలుకుని పనిచేసిన కొద్దీ అందులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, పొయ్యి మండిన కొద్దీ బూడిద పడినట్టు. అది ఎక్కువైతే మత్తుగా ఉంటుంది. నిద్రలో మెదడు ఆ బూడిదని ఎత్తిపోసుకుంటుంది. కాఫీ తాగితే బూడిద పోదు, కాసేపు దాని మీద మూత పడుతుంది, అంతే. ఇక మంట సంగతి. మెదడు అడుగున హైపోథాలమస్ అని చిన్న భాగం ఉంది. అక్కడి కొన్ని కణాలు ఓరెక్సిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. అది అందుతున్నంతసేపూ మెలకువ ఆరదు. మా పట్టీ ఆ కణాల్ని సన్నటి విద్యుత్తుతో తడుతూ ఉంటుంది. ఓరెక్సిన్ తగ్గదు, లైటు పచ్చగా ఉంటుంది."

అప్పజెప్పిన పాఠంలా గడగడా వచ్చేసింది.

"అయితే ఆ లైటు మంటనే సూస్తాది. బూడిదని సూడదు."

"ఊఁ."

"మరి ఆరు రోజుల బూడిద ఎవులెత్తుతారు బాబూ? ఎత్తకండా ఊదితే కళ్ళల్లో పడదేటి?"

"ఊఁ."

వరహాలు చెవులు రిక్కించింది. గురువారం సంగతంతా చెప్పింది. జెండా మనిషి దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచింది, తగ్గించింది, ఆపింది. ఊఁ మాత్రం అదే కొలతలో, ఒకోసారి మాట పూర్తి కాకుండానే వస్తోంది. డాక్టరు గారి కళ్ళు తెరిచే ఉన్నాయి. చూపు మాత్రం ఆవిడ చెవి పక్కనుంచి గోడ మీదికి పోతోంది.

పిల్లలు పడుకున్నారో లేదో చూడ్డానికి ఆవిడకో పద్ధతుంది. కథ మధ్యలో ఒక పచ్చి అబద్ధం వేస్తుంది. మేలుకున్నవాడైతే లేచి కూర్చుని దెబ్బలాటకొస్తాడు.

"నిన్న మాయన క్రేనుతో సముద్రాన్ని ఎత్తీసి రోడ్డు మీద పారబోసినాడు బాబూ."

"ఊఁ."

"ఆ నీళ్ళల్లో తవరు కొట్టుకుపోనారు."

"ఊఁ."

వరహాలుకి ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే జాలేసింది. ఏ తల్లి కన్న బిడ్డో, కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళైందో! కుదిపి లేపుదామా అనుకుంది. లేపితే ఏమవుతుంది? పచ్చలైటు చూపించి, నిద్రెక్కడ పోయాను, అంటాడు. ఫారం వెనక్కిచ్చి పంపేస్తాడు.

ఫారంలో మొగుడి పేరొక్కటే ఉంది. కలం తీసి, దాని కింద మిగతా పదకొండుమంది క్రేను ఆపరేటర్ల పేర్లూ రాసింది. ఎన్నాళ్ళు అన్నచోట 'తగ్గేదాకా' అని పెట్టింది.

"బాబూ, ఇక్కడ సంతకం పెట్టండి."

"ఊఁ."

వేళ్ళు వాటంతటవే కదిలాయి. చక్కటి సంతకం, తేదీతో సహా.

దాని మీద ముద్ర వెయ్యాల్సినవాడు ఎదురుగదిలో ఉండే రేవు మేనేజరు పరశురాం. రేవంతా గాలించినా పట్టీ లేని నుదురు ఆయనదొక్కటే. బొట్టుకి అడ్డమొస్తుందట. ఫారం చూడగానే ఆయన ఇంతెత్తున లేచాడు.

"పన్నెండు మందా? రేపు ఓడ పెట్టుకునా? ఏం మాయ చేశావమ్మా ఆయన్ని?"

ఫారం లాక్కుని డాక్టరు గదిలోకి పరిగెత్తాడు. వెనకాలే వరహాలూ వెళ్ళింది.

"సార్, ఈ ఫారం మీరే ఇచ్చారా?"

"ఊఁ."

"పన్నెండు మందికీనా?"

"ఊఁ."

"మరి ఓడ ఎవరు దింపుతారు సార్?"

"ఊఁ."

పరశురాం ముఖం రంగు మారింది. బల్ల చుట్టూ తిరిగొచ్చి డాక్టరు కళ్ళ ముందు చెయ్యి ఆడించాడు. రెప్ప కదల్లేదు.

"ఈయన నిద్రలో ఉన్నాడు! నిద్రలో పెట్టిన సంతకం చెల్లదు. నీమీద కేసు పెడతాను."

"పెట్టండి బాబూ," అంది వరహాలు. "పచ్చలైటు ఎలుగుతుండగానే డాక్టరు బాబు నిద్దరోనారని మీ సేత్తో రాసియ్యండి, కోర్టులో అదే సూపిద్దారి. కాదు, మెలకువగానే ఉన్నారంటారా, ముద్దరెయ్యండి. రెండిట్లో ఏదో ఒకటి."

పరశురాం పచ్చలైటు వంక చూశాడు, ఫారం వంక చూశాడు. మళ్ళీ పచ్చలైటు వంక చూశాడు. తర్వాత తలుపు దగ్గరగా వేసి, ముద్ర తెచ్చి వేశాడు.

శనివారం ఓడ సముద్రంలోనే నిలబడిపోయింది. పన్నెండుమందీ పట్టీలు విప్పి పారేసి రెండు రోజులు ఒళ్ళు తెలియకుండా పడుకున్నారు. సోమవారం కళ్ళు తెరిచిన సన్యాసిరావు మొదట అన్న మాట, "ఆ జెండా మనిసికి ఏటీ అవనేదు కదా?" అని. అవలేదని చెబితే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వరహాలు కూడా ఏడ్చింది, నాలుగు వారాల తర్వాత మొగుడు ఇంటికొచ్చినట్టయింది మరి.

రేవు వాళ్ళు మాత్రం పత్రికలకి ఇంకోలా రాసి పంపారు. జాగృతి పట్టీ ధరించి, సంపూర్ణమైన మెలకువలో ఉండి, కార్మికులకి విశ్రాంతి ప్రసాదించిన శాస్త్రవేత్త అని డాక్టరు గారి ఫోటో వేశారు. ఆయనకి పెద్ద పదవి వచ్చింది. నెల తిరక్కుండా జిల్లాలోని బస్సు డ్రైవర్లందరి నుదుటి మీదా పచ్చలైట్లు వెలిగాయి.

ఇప్పుడు వరహాలు బస్సెక్కే ముందు డ్రైవరు కిటికీ దగ్గరికెళ్ళి, "బాబూ, నీ బస్సుకి సక్రాలు నేవు" అంటుంది. "పొద్దున్నే పిచ్చెక్కిందేటే నీకు!" అని తిడితే సంతోషంగా ఎక్కి కూర్చుంటుంది. నిన్న అలా నాలుగు బస్సులు చూసి, నడిచే ఇంటికొచ్చింది.