నిప్పు తగలని తెల్ల ఉండలు

కుందవరం రాజ్యంలో ఒకరోజు ఉదయం పొయ్యిలన్నీ ఆరిపోయాయి. ఒక ఇంట్లోనో ఒక వీధిలోనో కాదు, రాజ్యం మొత్తంలో. ఆడవాళ్ళు చెకుముకి రాళ్ళు కొట్టీ కొట్టీ చేతులు కందిపోయేలా చేసుకున్నారు. నిప్పురవ్వ పుట్టేది, పిడక మీద పడేది, పడగానే చచ్చిపోయేది. రాజుగారి వంటశాలలోని నూటపది పొయ్యిలూ చల్లగా నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి.

మొదటి రెండు రోజులూ పిల్లలు అరటిపళ్ళు, చెరుకుముక్కలు తింటూ పండగ చేసుకున్నారు. వారం తిరిగేసరికి ఆ సరదా కాస్తా తీరిపోయింది. నానబెట్టిన బియ్యం అరక్క ముసలివాళ్ళు మంచం పట్టారు. బాలింతలకు వేన్నీళ్ళు లేవు. కమ్మరి కొలిమీ కుమ్మరి ఆవమూ కూడా చల్లారిపోయాయి. వేడివేడి గంజి ఎలా ఉండేదో తలుచుకుని పెద్దవాళ్ళు సైతం ఏడ్చారంటే, సంగతి ఎంతవరకు వచ్చిందో మీరే ఊహించుకోండి.

ఇదంతా ఎందుకు జరిగిందో మొదట ఇద్దరికే తెలుసు. ఒకరు రాజుగారి మిఠాయిలు చేసే సింగన్న, రెండోవారు అతని కూతురు వీరాయి. ఆ పిల్లకు పదమూడేళ్ళు.

కుందవరంలో మిఠాయి చేసేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. ఏ తీపి చేసినా మొదటి ముద్ద పొయ్యిలో వేయాలి. పొయ్యిలో కాపురముండే పొయ్యమ్మ తల్లి తిన్నాకే మనుషులు ముట్టాలి. సింగన్న తాతల నాటినుంచి ఆ కట్టుబాటు ఒక్కసారి కూడా తప్పలేదు.

రాకుమారి నామకరణానికి వెయ్యి సున్నుండలు కావాలని రాజుగారు కబురు పంపారు. అప్పటికి సింగన్న భార్య రత్తాలు జబ్బుపడి నలభై రోజులైంది. ఆమె అన్నం మానేసి అయిదు రోజులైంది. ఆ ఉదయం సింగన్న మినుములు వేయించి, విసిరి, నెయ్యీ బెల్లమూ కలిపి మొదటి ఉండ చుట్టాడో లేదో, మంచం మీద నుంచి ఆమె పిలిచింది.

“ఏమయ్యా, ఆకలేస్తోంది, నోరంతా చేదుగా ఉంది. ఆ ఉండ ఓ ముక్క పెట్టవా?”

రెండో ఉండ చుట్టడం చిటికెలో పని. కానీ ఆమె దగ్గర ఆ చిటికెడు సమయం ఉందో లేదో సింగన్నకు తెలియలేదు. చేతిలో ఉన్నది తీసుకెళ్ళి ఆమె నోట్లో పెట్టాడు. రత్తాలు సగం తిని, “బాగుందయ్యా” అని నవ్వి కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు.

అప్పుడే పొయ్యిలోంచి గొంతు వినిపించింది. “నా ముద్ద ఇంకొకరి నోట పెట్టావు. ఇక మీ రాజ్యంలో నాకేం పని? నీ ఒంట్లో ఉన్న నా వెచ్చదనాన్ని కూడా తీసుకుపోతున్నాను.” మంట ఆరిపోయింది. సింగన్న చేతివేళ్ళూ కాలివేళ్ళూ మంచులా చల్లబడ్డాయి.

చితికి నిప్పు లేక భార్యను మట్టిలో పూడ్చిపెట్టాక సింగన్న తనంతట తానే వెళ్ళి రాజు గుణార్ణవుడికి జరిగింది చెప్పుకున్నాడు. రాజు మంచివాడే. “నీకు పడాల్సిన శిక్ష పడుతూనే ఉంది, ఇంటికి పో” అన్నాడు. ఇరుగుపొరుగు అంత మంచివాళ్ళు కారు. వీరాయి ఎదురుపడితే మొహాలు తిప్పుకున్నారు. నిన్నటిదాకా సున్నుండల కోసం ఆ గుమ్మం ముందు పడిగాపులు పడ్డవాళ్ళే వాళ్ళంతా!

రోజుకు బెత్తెడు చొప్పున చలి సింగన్న ఒంట్లో పైకి పాకుతోంది. వీరాయి తండ్రి చేతులు ఎంత రుద్దినా వేడి ఎక్కడం లేదు. చివరికి ఆ పిల్ల ఊరవతల వెలగచెట్టు కింద ఉండే ముని దగ్గరికి పరుగెత్తింది.

“అమావాస్యనాటికి చలి గుండెకు చేరుతుంది. ఆపైన మీ నాన్న రాయి అయిపోతాడు” అన్నాడు ముని. “ఇంకా పన్నెండు రోజులున్నాయి.”

“మరి ఏం చేయాలి తాతా?”

“పొయ్యమ్మ సూదిగట్టు గుహలో అలిగి కూర్చుంది. ఆమె తిన్న ప్రతి తీపీ ఆమె వండిందే. ఎవరైనా ఆమెను కష్టపెట్టకుండా, నిప్పు తగలకుండా చేసిన తీపి పెడితే మనసు కరగవచ్చు. ఎండ తగిలితే ఫరవాలేదు, ఎండ ఆమె సొత్తు కాదు. తెల్లకొండ మీద వెన్నకాయ చెట్టుంది. దాని గింజలు దంచితే తెల్లటి వెన్న వస్తుంది. అవతల రాక్షసుడి తోటలో అన్నికాలాల పళ్ళూ ఉన్నాయి. మిగతాది నీ చేతి నేర్పు.”

వీరాయి తండ్రికి దుప్పటి కప్పి, ఎండుకొబ్బరి చిప్ప ఒకటీ బెల్లం గడ్డ ఒకటీ కొంగున కట్టుకుని బయలుదేరింది.

మూడోరోజుకు తెల్లకొండ ఎక్కింది. వెన్నకాయ చెట్టు మొదట్లో గుడ్డి ఎలుగుబంటి ఒకటి పడుకుని ఉంది. అడుగుల చప్పుడు విని లేచి, మెడ చాచి వాసన చూసింది.

“నాకు కళ్ళు లేవు కానీ అబద్ధం వాసన తెలుస్తుంది. వచ్చిందంటే పంజా విసురుతాను. నిప్పు పోవడం ఎవరి తప్పు?” అని అడిగింది.

ఎవరి తప్పూ కాదని చెప్పాలని వీరాయికి ఎంతో ఉంది. “మా నాన్న తప్పే” అంది చివరికి. “కానీ ఆ చోట నేనున్నా అదే చేసేదాన్ని.”

ఎలుగుబంటి చాలాసేపు గాలి పీల్చి పక్కకు తప్పుకుంది. “కోసుకో పిల్లా. నిజం వాసన చూసి ఎన్నాళ్ళయిందో.”

కాయలు మూటగట్టుకుని రెండురోజులు నడిస్తే రాక్షసుడి తోట వచ్చింది. మామిడి, పనస, సీతాఫలం, నేరేడు, అన్నీ ఒకేసారి విరగకాసి ఉన్నాయి. వాటి మధ్య తాటిచెట్టంత రాక్షసుడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

“పళ్ళు కావాలా? మా అమ్మ పోయిన దగ్గర్నుంచి నాకివి మట్టిబెడ్డలే. ఏది తిన్నా రుచి తెలియదు. ఒక్క పండు రుచి నా నోటికి తెలిసేలా చెప్పు. చెప్పలేకపోయావో, నిన్నే తింటాను. నీకూ రుచి ఉండదనుకో.”

వీరాయి నేరేడుచెట్టు వైపు చూస్తూ మొదలుపెట్టింది.

“మా అమ్మ నేరేడుపళ్ళు కొంగులో పోసి, ఉప్పు చల్లి కుదిపేది. నోట్లో వేసుకోగానే వగరు. నాలుక ముడుచుకుపోతుంది. ఉమ్మేద్దామనుకునేలోగా లోపల్నుంచి తీపి వస్తుంది. తిన్నాక ఇద్దరం నాలుకలు బయటపెట్టి ఎవరిది ఎక్కువ నల్లబడిందో చూసుకునేవాళ్ళం. ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని.” అక్కడ ఆగిపోయింది. “అమ్మ తనవి కూడా నాకే పెట్టేది కాబోలు. నాకిప్పుడు తెలుస్తోంది.”

రాక్షసుడు నేరేడుపండొకటి తెంపి నోట్లో వేసుకున్నాడు. మొహం ముడుచుకుంది. తరవాత కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి. “వగరుగా ఉందే! అమ్మా, వగరుగా ఉంది!” అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వీరాయి కూడా అతని కాలివేలు పట్టుకుని తనివితీరా ఏడ్చింది. అమ్మ పోయాక ఆ పిల్ల ఏడవడం అదే మొదటిసారి. అతను బుట్టనిండా పళ్ళు కోసిచ్చి, భుజం మీద ఎక్కించుకుని సూదిగట్టు దాకా దిగబెట్టాడు.

గుహ ముందు బల్లపరుపు బండ మీద వీరాయి గింజలు దంచింది. తెల్లటి వెన్న ఎండకు మెత్తబడింది. నేరేడుపండ్ల గుజ్జు పిండింది. అలవాటు కొద్దీ కొంగున ఉన్న బెల్లం చిదిమి కలిపింది. ఉండలు గట్టిగా, గుండ్రంగా వచ్చాయి. మొదటిది పట్టుకుని గుహలోకి వెళ్ళింది.

బూడిదరంగు జుట్టు విరబోసుకుని పొయ్యమ్మ ముసలమ్మలా కూర్చుని ఉంది. ఉండ నోట్లో వేసుకుని, వెంటనే ఉమ్మేసింది.

“మిఠాయివాడి కూతురివై ఉండి ఇంత తెలియదుటే? చెరుకురసం నా మీద పెనంలో ఉడికితేనే గదా బెల్లం అయ్యేది! నా చెమటే నాకు పెడతావా?”

వీరాయికి తల కొట్టేసినట్టయింది. పుట్టినప్పటినుంచి బెల్లం గడ్డగానే చూసింది. దాని వెనక పొయ్యి ఉందన్న మాట మనసుకే తట్టలేదు. ఆమె కాళ్ళమీద పడింది. “తల్లీ, ఇంకొక్కసారి అవకాశం ఇవ్వు.”

“మళ్ళీ ఇంత దూరం రానక్కర్లేదు. చేసి మీ ఇంటి పొయ్యిలోనే పెట్టు. నచ్చితే వస్తాను, లేకపోతే లేదు” అని పొయ్యమ్మ అటు తిరిగి కూర్చుంది.

అమావాస్యకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. బెల్లం లేకపోతే తేనె కావాలి. వీరాయి అడ్డదారిన తెల్లకొండకు తిరిగొచ్చి ఎలుగుబంటిని అడిగింది. అది మరికొన్ని కాయలు రాల్చి, కొండచరియకు వేలాడుతున్న తేనెపట్టు చూపించింది. “పొగ పెట్టి తీస్తే పొగలోనూ నిప్పే ఉంటుంది పిల్లా. ఉత్త చేతులతో తీయాలి. నేను ముసలిదాన్ని, ఎక్కలేను.”

వీరాయి ఉత్త చేతులతోనే తీసింది. తేనెటీగలు ముంజేతుల దాకా కుట్టాయి. కిందికి దిగేసరికి చేతులు బూరెల్లా పొంగి, సలసలా కాగుతున్నట్టు మండుతున్నాయి. ఆ మంటతోనే ఇంటిదారి పట్టింది.

అమావాస్య మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. సింగన్న గోడకు ఆనుకుని ఉన్నాడు. చలి పొట్ట దాటింది. కళ్ళు మాత్రం కదులుతున్నాయి.

“వచ్చావా తల్లీ” అన్నాడు. మాట కూడా చల్లగా వచ్చింది.

వీరాయి రోట్లో గింజలు దంచి, వెన్న తీసి, గుజ్జూ తేనే కలిపింది. ఉండ చుడదామని చేతిలోకి తీసుకోగానే అది కరిగి వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది. మళ్ళీ తీసుకుంది, మళ్ళీ కారింది. బెల్లమైతే పట్టి ఉంచేది, తేనె పట్టదు. పైగా ఆ చేతుల నిండా జ్వరం. చేతుల మీద కుండనీళ్ళు పోసుకుంది, తడిమట్టి రాసుకుంది. ఏం చేసినా ఒకటే. వాకిట్లో పొద్దు వాలిపోతోంది.

“నాన్నా, నావల్ల కావడం లేదు” అని అతని చేతిలో తల పెట్టుకుంది. పెట్టగానే ఉలిక్కిపడింది. ఆ అరచెయ్యి బావిలో రాయిలా చల్లగా ఉంది.

వీరాయి మెల్లగా అతని చేతిలో వెన్నముద్ద పెట్టింది. అది కరగలేదు. నలభై ఏళ్ళుగా ఉండలు చుట్టిన చేతులవి. ఒళ్ళంతా బిగుసుకుపోయినా వేళ్ళకు పని గుర్తుంది. నెమ్మదిగా తిప్పాడు. గుండ్రంగా, నున్నగా, నేరేడు చారలతో తెల్ల ఉండ తయారైంది. వీరాయి దాన్ని కొబ్బరి తురుములో దొర్లించి మళ్ళీ అతని అరచేతిలోనే పెట్టింది.

అప్పుడు సింగన్న కళ్ళు ఎక్కడికో పోయాయి. చలి బుద్ధిని తాకిందో ఏమో, చేతిని పొయ్యి వైపు కాక, మూలనున్న ఖాళీ మంచం వైపు చాచాడు.

“రత్తాలూ, తీపి అడిగావుగా. నోరు తెరువు.”

అతని చేతిలో ఉన్నది మొదటి ఉండ. లాక్కుని పొయ్యిలో పడేయడానికి చిటికె చాలు. అప్పుడు నాన్న బతుకుతాడు, రాజ్యమంతా బతుకుతుంది. కానీ తండ్రి మొహం చూశాక ఆ పిల్లకు చెయ్యి రాలేదు. అతని చెయ్యి పట్టుకుని తనే ముందుకు నడిపించి, ఆ ఉండను అమ్మ దిండు మీద పెట్టించింది.

రెండో ఉండ అతనిచేత చుట్టించి, పొయ్యి ముందు కూర్చుంది.

“తల్లీ, మొదటి ముద్ద మళ్ళీ మా అమ్మకే పెట్టాం. ఈసారి తప్పు మా నాన్నదొక్కడిదే కాదు, నాది కూడా. అమ్మకు ఆకలేసి అడిగింది, మేం పెట్టాం. ఇది నీ వంతు. తింటే తిను, లేకపోతే మానెయ్యి” అంది ఏడుస్తూ.

పొయ్యిలో బూడిద లేచి, ఆ బూడిద జుట్టు ముసలమ్మ అందులోనే గొంతుక్కూర్చుని కనిపించింది. ఉండ నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని నమలకుండా కరిగేదాకా ఉంచుకుంది.

“నేను వండనిది తినడం ఇదే మొదటిసారి” అంది. “ఆమె ఆకలితో అడిగిందా? ఆ మాట నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు వినకుండా వెళ్ళిపోయావు” అంది వీరాయి.

పొయ్యమ్మ తల దించుకుంది. “ఆకలిగొన్న కడుపులో రగిలేది కూడా నేనే పిల్లా. ఆనాడు మీ అమ్మ తిన్న ముద్ద నాకు చేరినట్టే. కోపంలో అది మరిచాను.” ఆమె కళ్ళలోంచి నిప్పురవ్వలు రాలాయి. ఎండుపిడక మీద పడ్డ రవ్వ ఈసారి ఆరలేదు.

క్షణంలో ఊరంతా పొగ లేచింది. “వెలిగింది, వెలిగింది!” అని వీధిలో కేకలు. సింగన్న పొట్టలోకి, భుజాల్లోకి, పాదాల్లోకి వెచ్చదనం తిరిగొచ్చింది. మణికట్టు దగ్గర మాత్రం ఆగిపోయింది.

“చేతుల్లో చలి పాతుకుపోయింది. అక్కడినుంచి తీయడం నావల్ల కాదు” అంది పొయ్యమ్మ. “పోయినామెను తేవడం అసలే కాదు. అడక్కు తల్లీ.” వీరాయి అడగలేదు. అడుగుదామని నోటిదాకా వచ్చి ఆగిన మాట అదే.

గుణార్ణవుడు స్వయంగా వాళ్ళ గుమ్మానికి వచ్చి వీరాయిని రాజవంటశాలకు పెద్దను చేశాడు. మొహాలు తిప్పుకున్న ఇరుగుపొరుగు నవ్వుకుంటూ గిన్నెలు పట్టుకొచ్చారు. వీరాయి అందరికీ పెట్టింది. అంతకన్నా వాళ్ళకు పెద్ద శిక్ష ఏముంటుంది? ఆ రోజునుంచి కుందవరంలో కట్టుబాటు మారింది. మొదటి ముద్ద ఆ ఇంట్లో రోగంతోనో ఆకలితోనో ఉన్నవాళ్ళకు, రెండోది పొయ్యికి.

ఏటా నేరేడుపళ్ళ కాలంలో తండ్రీకూతుళ్ళు నిప్పు వెలిగించకుండా తెల్ల ఉండలు చేసేవారు. కలపడం వీరాయి పని, చుట్టడం సింగన్న పని. ఆ చేతులు ఎన్నటికీ వెచ్చబడలేదు. మొదటి ఉండ మూలనున్న మంచం మీద పెట్టి, మిగతావి ఇద్దరూ కలిసి తిని, నాలుకలు బయటపెట్టి ఎవరిది ఎక్కువ నల్లబడిందో చూసుకునేవారు.

ప్రతిసారీ సింగన్నే ఓడిపోయేవాడు.