కాలవ అవతలి పంపుహౌసు

అప్పట్లో కాలవ అవతలి పాత పంపుహౌసు పేరెత్తితే చాలు, లారీవాళ్ళు మాట మార్చేసేవారట. చీకటి పడ్డాక అక్కడ ఆగకూడదు. ఆగితే లోపలినుంచి తలుపు చప్పుడవుతుంది. ఎవరని అడిగితే పలకదు... కొడుతూనే ఉంటుంది.

మోటార్లు ఎప్పుడో పీకేశారు. మిగిలింది ఒక ఇనప తలుపు, దానికో తాళం. కొట్టేదెవరన్నదానికి జనం దగ్గర జవాబు తయారుగానే ఉంది. ఆ ఏడాది ఎవడో వరసగా ఆడవాళ్ళని చంపి కాలవలో పడేస్తున్నాడు. వాళ్ళలో ఒకతె — అంతే.

ఈ దెయ్యం కబుర్లన్నీ చేరేది పోలీసు హెడ్డుగారి బల్లమీదికి. హత్యలు కాలవకి రెండువైపులా జరగడంతో, ఇవతలి టౌను పోలీసులు, అవతలి జిల్లా పోలీసులు కలిసి ఒక గది తెరిచారు. ఎవరికి ఏ అనుమానమున్నా అక్కడికి ఫోను చెయ్యొచ్చు. చేశారు కూడా — పక్కింటాయన మీద కోపంతో, అల్లుడి మీద కసితో, ఊరికే పొద్దుపోక. పనికొచ్చే కబుర్లు పైకి పంపడం, పనికిరానివి అడుక్కి తొయ్యడం హెడ్డు పని. అవతలివైపు కబురైతే అవతలి ఆఫీసుకి పంపాలి. ఒకరి హద్దులో తాళం ఇంకొకరు ముట్టకూడదు. ఈ ఒక్క ఒప్పందం కోసం పెద్దవాళ్ళు నెల్లాళ్ళు జుట్లు పట్టుకున్నారు.

"సార్... పంపుహౌసులో దెయ్యం..." అని ఫోనులో గొంతు వణికితే, "సమన్లు పంపిస్తాం లెండి" అనేవాడు హెడ్డు. గదంతా ఘొల్లుమనేది. చీటీ అడుక్కి పోయేది.

ఆ గది గుమ్మం దగ్గరే రోజూ ఒక టైలరమ్మ కూర్చునేది. కుట్టిన బట్టలు ఇచ్చొస్తానని వెళ్ళిన కూతురు ఇంటికి రాలేదు. శవం దొరకలేదు గనక ఆవిడకింకా ఆశ.

"ఏమన్నా తెలిసిందా అన్నా?"

"చూస్తున్నాం కదమ్మా."

హెడ్డుకి ఆవిడంటే నిజంగానే జాలి.

ఒక రాత్రి అవతలి ఆఫీసులో కాగితాలిచ్చి తిరిగొస్తూ, పంపుహౌసు ముందు తానే బండి ఆపాడు. మర్నాడు గదిలో చెప్పి నవ్వించొచ్చని సరదా. ఇంజను కట్టేశాడు.

గాలి లేదు. కాలవలో నీళ్ళు కదలడం లేదు.

ఠక్...

చాలాసేపటికి... ఠక్.

"ఎ... ఎవరది?"

చప్పుడు ఆగిపోయింది. ఒక్క క్షణం — అంతలోనే ఠక్ ఠక్ ఠక్ ఠక్... తనకోసమే కాచుకుని ఉన్నట్టు, ఇనప తలుపు అదిరిపోయేలా...

హెడ్డుకి పైప్రాణాలు పైనే పోయాయి. బండి ఎలా తీశాడో, వంతెన ఎలా దాటాడో తెలీదు. ఇవతలి గట్టు మీద ఊపిరి ఆడింది, ఊపిరితోపాటు రూలూ గుర్తొచ్చింది. అది అవతలివాళ్ళ హద్దు. తాళం మనం ముట్టకూడదు కదా! ఎంత హాయిగా అనిపించిందో ఆ మాట. గదికెళ్ళి, "పంపుహౌసులో చప్పుడు. పరిశీలించగలరు" అని రాసి, కింద సంతకం పెట్టి, పద్ధతి ప్రకారం అవతలికి పంపి పడుకున్నాడు.

వాళ్ళకీ నవ్వొచ్చింది. హెడ్డుకి కూడా దెయ్యం పట్టిందన్నారు. కాగితం మీద సంతకం ఉంది గనక, మర్నాడు భోజనాలయ్యాక తీరిగ్గా వెళ్ళి తాళం పగలగొట్టారు.

తలుపు లోపలికి జరగలేదు. అడ్డంగా టైలరమ్మ కూతురు పడి ఉంది. చేతులు, కాళ్ళు కట్టేసి ఉన్నాయి. నోట్లో గుడ్డ కుక్కి ఉంది. ఎత్తుకొచ్చినవాడు అప్పుడప్పుడూ వచ్చి నీళ్ళు పట్టి పోయేవాడు కాబోలు, పక్కనే సీసా ఉంది. నుదురంతా చితికిపోయింది. ఇన్నాళ్ళూ తలుపు కొట్టింది దాంతోనే.

"తెల్లారేదాకా బతికే ఉంది," అన్నాడు డాక్టరు, గొంతు తగ్గించి.

సాయంత్రం టైలరమ్మ హెడ్డు దగ్గరికొచ్చింది. ఏడవడం లేదు.

"రాత్రి మీరు విన్నారట గదా అన్నా. పిల్ల ఏమన్నా అందా?"

"నోట్లో గుడ్డ ఉందమ్మా..."

"మరి మీ గొంతు దానికి వినబడిందా?"

లేదని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. ఆ పాడు నోటికి అదీ చేతకాలేదు.

"వినబడింది," అన్నాడు హెడ్డు. "ఎవరని అడిగానమ్మా... అప్పట్నుంచీ ఇంకా గట్టిగా కొట్టింది."