టిక్కుమనని రాయి

శాస్త్రవేత్త ఇంట్లోనే, తన కుర్చీలోనే, నెమ్మదిగా చనిపోయాడు. తూటా లేదు, విషం లేదు. డాక్టర్లు రేడియేషన్ అన్నారు. పోలీసులు డిటెక్టర్ పట్టుకుని వెళితే నేల టిక్కుమంది, గోడ టిక్కుమంది, వంటింటి గట్టు మరీ గట్టిగా టిక్కుమంది.

"దాంతో కొత్తగా వేయించిన గ్రానైట్ మీద నేరం మోపి ఫైలు మూసేశారు," అన్నాడు ఛీఫ్. "పిచ్చిమాట. రాయిలో యురేనియం, థోరియం ఆనవాళ్లు ఎప్పుడూ ఉంటాయి. టైల్స్ మెరుపు పూతలోనూ ఉంటాయి, ఇటుకలోనూ ఉంటాయి. నీ ఇల్లూ నా ఇల్లూ కట్టిన దగ్గర్నుంచీ టిక్కుమంటూనే ఉన్నాయి. ఆ కాస్తకి మనిషి చావడు. చంపింది ఒక రేడియేషన్ క్యాప్సూల్. మన ల్యాబ్‌లోంచి దొంగిలించింది. వేలెడంత ఉంటుంది. పని అయ్యాక పట్టుకుపోయారు."

"ఎవరు సార్?"

ఛీఫ్ ఒక ఫొటో ముందుకు తోశాడు. దువ్విన క్రాపు, తెల్ల కోటు, నున్నటి నవ్వు.

"గ్రానైట్ షోరూమ్ ఓనర్. విదేశీ ముఠాకి ఇక్కడ పెద్ద తలకాయ. కోడ్ నేమ్ పెళ్లికొడుకు."

"ఆ పేరెవరు పెట్టారు సార్?"

"మీ ఆవిడ."

అడుగుల చప్పుడు వినిపించకుండా నడుస్తాడని డిపార్ట్‌మెంట్‌లో అందరూ 'పిల్లి' అని పిలిచే ఆ ఏజెంట్ ఫొటోని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. భార్యాభర్తలైనా సరే, ఒకరి మిషన్ ఇంకొకరికి చెప్పకూడదని రూలు. ఆవిడ పొద్దున్నే అంత శ్రద్ధగా చీర కుచ్చిళ్లు సర్దుకుని వెళ్లేది వీడి దగ్గరికన్నమాట.

"ఇంటీరియర్ డెకరేటర్‌గా వాడికి దగ్గరైంది," అన్నాడు ఛీఫ్. "మన రహస్యాలు తనకి అమ్ముతోందని వాడి నమ్మకం. నిజానికి మనం వండి ఇచ్చే అబద్ధాలే అమ్ముతోంది."

"ఎంత దగ్గరైంది?"

"మిషన్‌కి కావలసినంత."

"అంటే?"

"పిల్లీ, ఏజెంట్‌గా అడుగుతున్నావా, మొగుడిగా అడుగుతున్నావా?"

పిల్లి ఫొటోని బల్ల మీద బోర్లించాడు. ఛీఫ్ సొరుగులోంచి ఒక రసమట్టం తీశాడు, మేస్త్రీలు నేల ఎత్తుపల్లాలు చూసుకునేది.

"దీని లోపల డిటెక్టర్ ఉంది. ఇదిగో చెవి మెషిన్. టిక్కులు నీకొక్కడికే వినిపిస్తాయి. నువ్వు చెవిటి టైల్స్ మేస్త్రీవి. చెవిటివాడి ముందు ఎవరూ గొంతు తగ్గించరు. ఈసారి ఎవర్ని చంపబోతున్నారో తెలియదు. ఆ లోపు క్యాప్సూల్ దొరకాలి."

చెవిటివాడి వేషంలో ఉన్న కష్టం అన్నీ వినిపించడం.

"ఈ నీలం టైల్ మీ పక్కన వెలవెలబోతోందండీ," అనేవాడు పెళ్లికొడుకు. ఆవిడ నవ్వేది. ఆ నవ్వు ఇంట్లో చివరిసారి ఎప్పుడు విన్నాడో గుర్తు తెచ్చుకోబోయి పిల్లి మానేశాడు. మానేసి, షోరూమ్ నేల మీద రసమట్టం జరుపుకుంటూ వెళ్లాడు. పాలరాయి దగ్గర టిక్కులు బద్ధకంగా వచ్చేవి. ఎర్ర గ్రానైట్ దగ్గర వేడి నూనెలో ఆవాల్లా చిటపటలాడేవి. ముఠా ఈ వ్యాపారం ఎందుకు ఎంచుకుందో అర్థమైంది. అన్నీ టిక్కుమనే చోట దొంగ టిక్కుని పట్టుకోవడం ఎలా?

మొదట్లో వాడికీ ఆవిడకీ మధ్య రెండు టైల్స్ దూరం ఉండేది. తర్వాత ఒకటైంది. ఇప్పుడు సగానికొచ్చింది. మేస్త్రీ వేషం వేసుకున్న పాపానికి పిల్లికి కొలవడం అలవాటైపోయింది.

ఆవిడ తన డెకరేటర్ ఆఫీసులో నేల పని పెట్టించి అతన్ని పిలిపించింది. పెళ్లికొడుకు ఫోన్ మాట్లాడటానికి వరండాలోకి వెళ్లగానే దగ్గరికొచ్చింది.

"ఏం మేస్త్రీ, ఈ జాయింట్ ఇంత వంకరగా వేశావేం?" అని పైకి గట్టిగా అని, గొంతు తగ్గించింది. "మొహం అలా పెట్టకండి. దొరికిపోతారు."

"వాడు నీ చెయ్యి పట్టుకున్నాడు."

"టైల్ చూపించాడు."

"చేతిలో పెట్టి చూపించాలా? గోడకి ఉన్నాయిగా!"

"ఏమండీ, నా పని నన్ను చేసుకోనివ్వండి. లేదంటే ఛీఫ్‌కి చెప్పి ఇంకొకర్ని పంపమంటా."

"ఎవర్ని? ఇంకెవడైనా కుర్రాణ్ణా?"

"చూశారా!" అందామె. వెళ్లబోయి, మూలనున్న గోనెసంచి మడిచి అతని మోకాళ్ల కిందికి తోసింది. నేల మీద వంగి వంగి మోకాళ్లు కాయలు కాసిన సంగతి అతనెవరికీ చెప్పలేదు. ఆ సంచి మెత్తదనానికి అతని కోపం కాసేపు తగ్గింది. వరండాలోంచి తెల్ల కోటు తిరిగిరాగానే మళ్లీ మొదలైంది.

ఈసారి పెళ్లికొడుకు వెనక నలుగురు కూలీలు చెమటలు కక్కుతూ ఒక డ్రెస్సింగ్ టేబుల్ మోసుకొచ్చారు. నిలువెత్తు అద్దం, కింద ఎర్ర గ్రానైట్ బల్ల, దానికొక సొరుగు. దించేసి కూలీలు వెళ్లిపోయారు.

"రాయి నేనే ఏరానండీ," అన్నాడు వాడు. "రోజూ మీరు దీని ముందు కూర్చోవాలి. కూర్చున్నప్పుడల్లా నేను గుర్తుకు రావాలి."

"అయ్యో, నాకెందుకండీ ఇంత మంచి వస్తువు!"

పిల్లికి ఒళ్లు మండిపోయింది. పెళ్లయిన దగ్గర్నుంచీ అతను కొనిచ్చిన అద్దం దువ్వెనంత ఉంటుంది. ఎర్ర గ్రానైట్ కదా, టిక్కుమనాలి, చెవులు చిల్లులు పడేలా టిక్కుమనాలి. అప్పుడు 'ఈ దరిద్రం గదిలో ఉండటానికి వీల్లేదు' అని సైన్సు పేరు చెప్పి బయటికి తోయించవచ్చు.

"అమ్మగారూ, బల్ల వాలుగా ఉందేమో చూస్తా," అంటూ వెళ్లి రసమట్టం రాయి మీద పెట్టాడు.

చెవిలో నిశ్శబ్దం. చాలాసేపటికి ఒక్క టిక్కు.

పిల్లికి నీరసం వచ్చింది. వాడి క్రాపుకి వంక లేదు, వాడి రాయికీ వంక లేదు. మనసొప్పక రసమట్టం గోడకి ఆనించాడు. మామూలు ఇటుక గోడ హాయిగా టిక్కుమంది. మళ్లీ బల్ల మీద పెట్టాడు. నిశ్శబ్దం.

ఎర్ర గ్రానైట్ ఇటుక గోడ కన్నా మౌనంగా ఉండటమేమిటి? రాయి నోరు ఎవరో నొక్కేశారు. పైన రేకంత పలచటి రాతిపొర, కింద నేల టిక్కుల్ని కూడా మింగేసే సీసం అయితేనే ఇలా ఉంటుంది. బల్ల నిండా సీసం పోసి ఏం దాచినట్టు?

"సొరుగు తెరవండి," అంటున్నాడు పెళ్లికొడుకు. "లోపల మీకోసం చిన్న వస్తువుంది."

ఆవిడ చిరునవ్వుతో స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపింది. పిల్లి అలవాటు కొద్దీ ఇద్దరి మధ్యా దూరం కొలిచాడు. సగం టైల్ కాదు. ఒకటీ రెండూ కాదు. వాడు గుమ్మం దగ్గరున్నాడు. ఇంకా వెనక్కి జరుగుతున్నాడు. కానుక తెచ్చిన మగాడు ఆడదాని మొహం వెలగడం చూడటానికి ముందుకొస్తాడు. వీడు పారిపోతున్నాడు.

ఆవిడ వేళ్లు పిడి మీద పడ్డాయి. సొరుగు వెంట్రుకవాసి కదిలింది.

"ఏమేవ్! ముట్టుకోకు!"

అంటూనే పిల్లి దూకి సొరుగుని భుజంతో మూసేశాడు. ప్రమాదం వస్తే 'సిమెంట్ ఇంకా ఆరలేదు' అనాలని కోడ్. అది అతనికి గుర్తే రాలేదు. డెకరేటర్ మేడమ్‌ని చెవిటి మేస్త్రీ ఏమేవ్ అనడం మాత్రం గదంతా వినిపించింది.

"ఓహో, మొగుడా?" పెళ్లికొడుకు కోటులోంచి పిస్టల్ బయటికొచ్చింది. "మీ నాటకం ఎప్పుడో తెలిసిందండీ మేడమ్. మొగుడి సంగతే తెలియదు. సరే, ఇద్దరూ కలిసే తెరవండి."

పిల్లి రసమట్టం విసిరాడు. అది మణికట్టుకి తగిలి పిస్టల్ నేల మీద జారింది. వాడు వంగేలోపే ఆవిడ వాడి టై పట్టుకుని బరబరా లాక్కొచ్చి స్టూలు మీద కూలేసింది.

"తెరవండి. మీరు తెచ్చిన కానుకేగా!"

అద్దంలో నున్నటి నవ్వు పాలిపోయింది. "వద్దు! సొరుగు లాగితే సీసం మూత తెరుచుకుంటుంది! క్యాప్సూల్ అందులోనే ఉంది! వద్దు తల్లీ!"

ఆవిడ అంత దగ్గరగా నిలబడి వాడి టై పట్టుకోవడం పిల్లికి అప్పుడు కూడా నచ్చలేదు. "ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటా," అన్నాడు.

ఛీఫ్ మనుషులు వచ్చేదాకా అతనే పట్టుకున్నాడు, అవసరానికి మించి గట్టిగా.

క్యాప్సూల్ భద్రంగా ల్యాబ్‌కి చేరాక ఛీఫ్ ఇద్దర్నీ పిలిపించాడు.

"రాయి మీద డిటెక్టర్ పెట్టాలని ఎలా తట్టింది?"

"టిక్కుమంటుందని ఆశపడ్డాను సార్."

"ఎందుకూ?"

పిల్లి కిటికీలోంచి బయటికి చూశాడు. ఆవిడ పకపకా నవ్వింది. షోరూమ్‌లో నవ్వినట్టు కాదు, పొట్ట పట్టుకుని. ఇన్నాళ్లకి ఒళ్లు తేలికపడినట్టయింది అతనికి.

మెట్లు దిగుతుండగా ఆవిడ అంది. "ఆ అద్దాన్ని విడిగా తీసేశారట. కావాలంటే ఇంటికి తీసుకెళ్లమన్నారు. బాగుంది కదండీ?"

"వద్దు. రేడియేషన్."

"అస్సలు లేదన్నారు. మన పడగ్గది గోడే అంతకన్నా ఎక్కువ టిక్కుమంటుందట!"

"టిక్కుమంటే టిక్కుమననీ," అన్నాడు పిల్లి. "ఆ గోడని నీకెవడూ కానుకగా ఇవ్వలేదు."