గాజుకు లోపలి వైపు

ఊరందరి ఫోన్లూ బాగుచేసే మనిషి ఇంట్లోనే ఫొటోలు మసకగా వస్తుంటే ఎవరికి చెప్పుకోవాలి? నాలుగు రోజులుగా మెకానిక్‌ని భార్య ఇదే మాట అని దెప్పుతోంది. ఆవిడదేమీ గొంతెమ్మ కోరిక కాదు. కూతురు చిట్టికి గురువారం నాడు ముందరి పన్ను ఊడింది. కొత్త పన్ను వచ్చేలోగా ఆ బోసి నవ్వు ఒక్కటి ఫొటో తీసి పుట్టింట్లో ఉన్న తన అమ్మకు పంపాలి. ఊడిన పన్నును అగ్గిపెట్టెలో దాచి బీరువా మీద పెట్టింది కూడా ఆవిడే.

ఇంట్లో వాడే ఫోన్ను మెకానిక్ తనలాగే ఫోన్లు బాగుచేసే ఒక ముసలాయన దగ్గర కొన్నాడు. ఆయన దుకాణం మూసేస్తూ ఉన్నదంతా అమ్మేసుకుంటున్నాడు. "మాట్లాడుకోవడానికి బంగారంలాంటి ఫోను బాబూ. ఫొటోల జోలికి మాత్రం పోకు," అన్నాడు. లోపం దాచకుండా చెప్పాడని మెకానిక్ ఆయన్ని మెచ్చుకున్నాడు.

ఆదివారం సాయంత్రం బయట వాన పడుతుంటే ఇక ఆ పని పట్టాడు. ముందు ఎవరైనా చేసేవే చేశాడు. కెమెరా అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచాడు. సెట్టింగుల్లో ఫొటో సైజు పెంచాడు. చిట్టిని కిటికీ దగ్గర, వెలుతురు మొహం మీద పడేలా నిలబెట్టాడు. జూమ్ జోలికి పోకుండా తనే దగ్గరికి వెళ్ళి, ఊపిరి బిగబట్టి తీశాడు. ఫొటోలో పిల్ల పొగమంచులో నిలబడ్డట్టే ఉంది. కాళ్ళు పీకుతున్నాయని చిట్టి గునిసింది. లోపం దొరికేదాకా అన్నం సయించని రకం అతను. ఫోన్ వెనక మూతను వేడిచేసి ఊడదీసి, భూతద్దం దీపం కింద పెట్టాడు.

కెమెరా గాజుకు లోపలి వైపు పల్చటి జిగురు పూత ఉంది. ఒలికింది కాదు. అంచు దాటకుండా, తీరిగ్గా, చేయి తిరిగిన పనివాడు పూసిన పూత. ముసలాయనకు చాదస్తం ముదిరినట్టుందని నవ్వుకుని, స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో శుభ్రంగా తుడిచేశాడు. గది నిండా స్పిరిట్ వాసన. ఫోన్ మూసి మళ్ళీ తీశాడు.

ఈసారి చిట్టి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. పన్ను ఊడిన సందు కూడా ముద్దుగా పడింది. వంటింట్లోంచి వచ్చిన భార్య చూసి మురిసిపోయి, ఇంకొకటి తీయమని చెప్పి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

అతను ఫోన్ ఎత్తాడు. తెర మీద చిట్టి మొహం చుట్టూ పసుపు చదరం వచ్చింది. పక్కనే, ఉత్త గోడ మీద, ఇంకో చదరం వచ్చింది. గోడ మీది మరకను ఫోన్ మొహమనుకోవడం మామూలే. ఆ మాట తనే ఎందరికో చెప్పాడు. కానీ ఆ గోడ మీద మేకు గుర్తు కూడా లేదు.

తీశాడు. చిట్టి కాస్త మసకబారింది. గోడ స్పష్టంగా పడింది.

మళ్ళీ తీశాడు. చిట్టి ఇంకా మసక... రెండో చదరం ఇప్పుడు ఆమె భుజం దగ్గరుంది.

"నాన్నా," చిట్టి గుసగుసలాడింది. "నా పక్కన చల్లగా ఉంది."

అతని వేలు మూడోసారి దానంతటదే నొక్కింది. ఫొటోలో కరిగిపోతున్న చిట్టి పక్కన ఇంకో పిల్ల. అదే గౌను, అవే రెండు జడలు. నవ్వుతోంది. పళ్ళన్నీ ఉన్నాయి.

పిల్లను అమ్మ దగ్గరికి పొమ్మని, ఫోన్ బల్ల మీద బోర్లించి, జిగురు కోసం పక్క గదిలోకి పరిగెత్తాడు. ముసలాయన ఆ పూత ఎందుకు పూశాడో ఇప్పుడు అర్థమైంది. డ్రాయరులో జిగురు సీసా ఒక పట్టాన దొరకలేదు.

తిరిగొచ్చేసరికి ఫోన్ భార్య చేతిలో ఉంది.

"ఫోన్ ఎందుకు ముట్టుకున్నావు?" అన్నాడు.

"ఫొటోలు చూద్దామనండీ. ఈ ఫోనేదో అడిగింది. రెండు మొహాలు పక్కపక్కన చూపించి, ఈ ఇద్దరూ ఒకరేనా అని. ఒకటి మసకగా ఉంది, ఇంకోటి బాగుంది. రెండూ మన పిల్లే కదా. అవును అని నొక్కాను."

ఫోన్ లాక్కున్నాడు. తెర మీద ఇప్పుడు ఒక్క మొహమే ఉంది. వెనక్కి తిప్పే దారి ఎక్కడుందో వెతికాడు. దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ పోయినవన్నీ వెనక్కి తెచ్చి ఇచ్చినవాడికి ఆ ఒక్కటి దొరకలేదు.

"నాన్నా..."

చిట్టి గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. పళ్ళ వరుస నిండుగా ఉంది.

"దీని పన్ను..." అన్నాడు.

"పన్నుకేమైందండీ?" అంది భార్య, పిల్లను దగ్గరికి తీసుకుంటూ. "పళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. ఇప్పుడు తీయండి."

బీరువా మీది అగ్గిపెట్టె తెరిచాడు. చిన్న పన్ను అందులోనే ఉంది. భార్యకు చూపించాడు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరిదని అడిగింది.

ఫోన్ ఎత్తి ఒక ఫొటో తీశాడు. మళ్ళీ మసక. జిగురు సీసా మూత ఇంకా తీయనే లేదు.

ఫోన్ విప్పి భూతద్దం కింద పెట్టాడు. గాజు మీద వేలిముద్ర ఉంది. తన చిటికెన వేలంత కూడా లేని పసిపిల్ల ముద్ర. బయటి వైపు తుడిచాడు, పోలేదు. స్పిరిట్ గుడ్డ లోపలి వైపుకు తీసుకెళ్ళాడు... చేయి ఆగిపోయింది.

చూస్తుండగానే దాని పక్కన రెండోది పడింది. తర్వాత మూడోది.