కొసరు తెలియని తూకం

ఒరే అబ్బాయ్, నిన్నే. ఏలూరులో ఉంటే ఎంత మిగులుతుంది, నెల్లూరులో ఉంటే ఎంత మిగులుతుంది అని పొద్దస్తమానం ముంజేతి కేసి చూసుకుంటూ కూర్చునే పెద్దమనిషివి నువ్వే కదూ? ఆ చెయ్యి కాసేపు జేబులో పెట్టుకుని ఇటు విను. నీ తెలివి మీద ఎవరికీ అనుమానం లేదులే. సోంబాబుకి కూడా తన తెలివి మీద ఎప్పుడూ అనుమానం రాలేదు.

ఆ రోజు పొద్దున్నే ఏలూరు పవర్‌పేటలో వీర్రాజు ఇల్లు మడతపడుతోంది. గోడలు తలుపుల్లా వాలాయి. పైకప్పు చాపలా చుట్టుకుంది. అరగంటలో మూడు గదుల ఇల్లు కాస్తా పెద్ద పెట్టె అయి కూర్చుంది. పైన గాలిలారీ కొక్కెం దించుకుని కాచుకుని ఉంది. వీర్రాజు పెళ్ళాం ఉప్మా గిన్నె చంకలో పెట్టుకుని, ఇందాకటిదాకా వంటిల్లు ఉన్న చోట నిలబడి, పొయ్యి కట్టేశానా లేదా అని అలవాటు కొద్దీ వెతుక్కుంటోంది.

సోంబాబు తన తేలుబండి తోసుకుంటూ అటు వచ్చాడు. తేలుబండి అంటే కుట్టేది కాదు. నేలకి జానెడెత్తున గాలిలో తేలే కూరగాయల బండి.

"వీర్రాజూ, నీ గోడకి కొట్టుకున్న మేకు నాది. పీకి ఇచ్చి మరీ కదులు," అన్నాడు.

వీర్రాజు నిజంగానే పెట్టె చుట్టూ తిరిగి మేకు ఎక్కడుందా అని తడుముకున్నాడు. వీధంతా నవ్వింది. ఆ నవ్వులోనే పెట్టె పైకి లేచి, మనుషుల్ని కూడా ఎక్కించుకుని, కర్నూలు దిక్కుగా మబ్బుల్లో కలిసిపోయింది.

రాష్ట్రంలో ప్రతి మనిషి ముంజేతికీ తూకపుకడియం ఉన్న కాలం అది. నీ సంపాదన ఎంతో, బియ్యానికీ పాలకీ ఎంత పోస్తున్నావో దానికి తెలుసు. విశాఖ నుంచి అనంతపురం దాకా ఏ ఊళ్ళో వంకాయ ఏ ధర పలుకుతుందో, ఏ పనికి ఎంత ముడుతుందో కూడా తెలుసు. ప్రతి పున్నమికీ ఊరుతూకం అనే యంత్రం వీటన్నిటినీ పళ్ళెంలో పెట్టి తీర్పు చెబుతుంది. ఉన్న ఊరు నీకు తూగితే కడియం పచ్చగా వెలుగుతుంది, తూగకపోతే ఎర్రబడుతుంది. వరసగా మూడు పున్నములు ఎర్రబడితే నీకు తూగే ఊరి పేరు దాని మీద పడుతుంది. వెళ్ళి తీరాలని చట్టమేమీ లేదు. కాకపోతే మడతిల్లు తూకం వారిది కాబట్టి అది బయల్దేరిపోతుంది. ఇల్లే కర్నూలు వెళ్ళిపోయాక మనిషి ఏలూరులో ఉండి ఏం చేస్తాడు?

అయినా దాన్ని తిట్టేవాళ్ళు తక్కువ. సోంబాబు అయితే రోజూ పొద్దున్నే కడియానికి దణ్ణం పెట్టుకునేవాడు. వాళ్ళ నాన్న విశాఖలో సంపాదించిందంతా అద్దెకే పోసి పిల్లలకి గంజి పోసిన మనిషి. తూకం వచ్చి, మీకు ఏలూరు చాలు పదండని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాకే ఆ ఇంట్లో గడ్డపెరుగు అనే మాట వినబడింది. ఆ విశ్వాసం సోంబాబుకి పోలేదు.

వీర్రాజు ఇల్లు కనుమరుగయ్యాక కరీమున్ బీ సంచీ పట్టుకుని బండి దగ్గరికొచ్చింది. వీధి చివర తివాచీలు నేసే మనిషి ఆమె. మరమగ్గం మధ్యాహ్నంలోగా నేసి పారేసేదాన్ని ఆమె ముడి మీద ముడి వేస్తూ మూడు నెలలు నేస్తుంది. సోంబాబు వేళాకోళాలకి వీధంతా పడిపోయేది గానీ, ఆమె ఒక్కతే కళ్ళద్దాల పైనుంచి చూసి పట్టేసేది. అతని భార్య చనిపోయిన ఏడు, నోట మాట లేకుండా తిరుగుతున్న వాణ్ణి మళ్ళీ నవ్వించింది కూడా ఆమే. టమాటాల్లో ఎర్ర ఊలు ఉండ ఒకటి కలిపేసింది. సోంబాబు దాన్ని తూచి అమ్మేశాడు కూడా.

ఆమె పావుకిలో వంకాయలడిగింది. బండి మీది కన్నుతరాజు, అదే కళ్ళున్న త్రాసు, గింజంత తేడా లేకుండా తూచి, ధర కడియంలోంచి లాక్కుంది. ఆ తరాజులు వచ్చాక అన్ని ఊళ్ళలోనూ కొసరు మాయమైపోయింది, ఒక్క సోంబాబు బండి మీద తప్ప. పళ్ళెంలో పడిందే తరాజుకి కనబడుతుంది. పిడికిట్లోంచి నేరుగా సంచీలో పడేది దానికి కనబడదు. అసలు కంటే కొసరు ముద్దని నమ్మే జనం ఆ పిడికెడు కోసమే నాలుగు వీధులు నడిచి వచ్చేవారు.

కొసరు కోసం ఆమె సంచీ చాపినప్పుడు చేతి గుడ్డ పైకి జరిగింది. కడియం ఎర్రగా ఉంది.

"ఎన్నోది బీబమ్మా?" అన్నాడు సోంబాబు, పిడికిలి గాల్లోనే ఉంచి.

"రెండోది. ఏం చేత్తాం, తివాచీ కొనేవాళ్ళు ఈ ఊళ్ళో తగ్గిపోయారు. వచ్చే పున్నమికి కడపో, కందుకూరో చెప్పుద్ది." ఆమె వీధి చివర తన ఇంటి కేసి చూసింది. "మగ్గం మడతపడదు సోంబాబూ. అదొక్కటే ఇక్కడ ఉండిపోద్ది."

ఈ నెలంతా కూరలకి ధర వద్దన్నాడు సోంబాబు. ఊరికే పెడితే తినడానికి తానేమైనా వియ్యాలవారి తాలూకా అని ఆమె విసుక్కుంది. సంచీ ముడేసుకుని వెళ్ళిపోయింది.

సోంబాబు ఆ పూట బండి కాలవగట్టు మీద ఆపి ఆలోచించాడు. దానం అంటే ఆమె తీసుకోదు. కానీ అల్లరి అయితే? సోంబాబు చేసే అల్లరిని వద్దనడం ఆ వీధిలో ఎవరి తరం?

మర్నాడు కరీమున్ బీ తలుపు తీసేసరికి గడప మీద చంటిపిల్ల టోపీ పెట్టుకుని, దుప్పటి కప్పుకుని ఒక ఆనపకాయ పడుకుని ఉంది. మూడో రోజు ఊలు బుట్టలో బీరకాయలు దొరికాయి. ఆ తర్వాత ఆరేసిన పరదా మూటగట్టి ఉంటే విప్పింది, లోపల రెండు కిలోల వంకాయలు. ఆమె వీధిలోకొచ్చి, ఈ ముదనష్టపు సోంబాబుని ఎవరైనా కాలవలో తొయ్యండర్రా అని అందరికీ వినబడేలా తిట్టేది. తిట్టి, కాయల్ని లోపలికి పట్టుకుపోయేది. వాటికి ధర లేదు, తూకం లేదు, కడియానికి కబురు లేదు. అటు తూకాన్నీ ఇటు బీబమ్మనీ ఒక్క దెబ్బకి బుట్టలో వేశానని సోంబాబు బండితో చెప్పుకుని మురిసిపోయాడు.

అతనికి అర్థం కానివి మాత్రం రెండున్నాయి.

ఒకటి, జనానికి కొసరు మీద యావ తగ్గిపోయింది. పాలు పోసే దేవమణి, కొసరు దగ్గర రెండు కరివేపాకు రెబ్బలకి కూడా పేచీ పెట్టే పిల్ల, "వద్దు బాబాయ్, సంచీలో పట్టదు," అని వెళ్ళిపోయింది. సంచీ ఖాళీగానే ఉంది. ఆ వెనక వచ్చినవాళ్ళూ అదే మాట. లోకం పాడైపోతోందని సోంబాబు బెంగపడ్డాడు.

రెండోది, మధ్యాహ్నం అయ్యేసరికి అతని గుమ్మంలోకి క్యారేజీ రావడం మొదలైంది. ఒకనాడు దేవమణి ఎక్కువ వండేశానంది, ఇంకోనాడు ఇంకెవరో చుట్టాలు రాలేదన్నారు. అందరూ తన కబుర్లకి మురిసి పెడుతున్నారని సోంబాబు సరిపెట్టుకున్నాడు. ఒక రోజు గుత్తివంకాయ వచ్చింది. రెండు వాయలు తిని, వేళ్ళు నాకి, గిన్నె కోసం వచ్చిన దేవమణితో ఎంతో పెద్దరికంగా, ఇంత లేత కాయ తన బండి మీద ఎన్నడూ లేదన్నాడు. ఏ ఊరి సరుకో కాస్త కనుక్కుని చెప్పమన్నాడు. దేవమణి ఓణీ నోట్లో కుక్కుకుని పరిగెత్తింది.

పున్నమి వచ్చింది. సాయంత్రం చంద్రుడు కాలవ మీదికి రాగానే వీధంతా చేతులు చాపుకుని నిలబడింది. సోంబాబు తన చెయ్యి సంగతి మరిచి కరీమున్ బీ చేతినే చూస్తున్నాడు. కడియం ఒకసారి మిణుకుమంది. ఎర్రగానే ఉంది. మళ్ళీ మిణుకుమని, మెల్లగా, మావిడి చిగురు ముదిరినట్టు పచ్చబడింది.

సోంబాబు కండువాతో మొహం తుడుచుకున్నాడు. చెమటని చెప్పాడు. ఆ వేళ చల్లటి గాలి వీస్తోంది.

తమాషా అక్కడితో ఆగలేదు. సంపాదనకీ ఖర్చుకీ తూచి చూస్తే రాష్ట్రంలోని ఊళ్ళన్నిటిలోకీ ఏలూరే మొదటిదని ఆ రాత్రే పట్టీ వెలువడింది. పవర్‌పేటలో మొదలైన గిన్నెల తిరుగుడు పక్క వీధికీ, కాలవ దాటి అవతలి పేటకీ పాకిందట. పాలకి బదులు పప్పు, పప్పుకి బదులు పచ్చడి, ఏదీ తరాజు కంట పడకుండా ఇల్లిల్లూ తిరిగింది. తూకాన్ని కనిపెట్టిన మేధావులు ప్రతి ఊళ్ళోనూ అన్నిటి ధరలూ అడిగి రాసుకున్నారు గానీ, కొసరు ఎంతని ఎవరినీ అడగలేదు. పట్టీలో ఏలూరు పేరుకి ఎదురుగా, కారణం అన్న గడిలో, తూకం తన పుట్టుకలో మొదటిసారి 'తెలియలేదు' అని రాసుకుంది.

నాలుగో రోజు పొద్దున్న గాలిలారీ మోత వినబడింది. ఏలూరు మొదటిది కావడంతో, మూడు పున్నములు ఆగకుండానే తూకం వెనక్కి పంపేసిన వీర్రాజు పెట్టె పాత చోటే దిగింది. గోడలు లేస్తుంటే అతని పెళ్ళాం వంటిల్లు పూర్తిగా నిలబడకముందే పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. వీర్రాజు దిగుతూనే సోంబాబు చేతిలో ఒక తుప్పు మేకు పెట్టాడు.

"కర్నూలంతా వెతికించి తెచ్చాను బాబాయ్. ఇదేనా చూసుకో."

వీధంతా అక్కడే చేరింది. ఇంతకంటే మంచి సభ దొరకదని సోంబాబు మేకు చెవిలో పెట్టుకుని, గొంతు సవరించుకుని, ఆనపకాయ టోపీ దగ్గర్నుంచి మొత్తం కథ విప్పాడు. తూకం ఎలా మోసపోయిందీ, బీబమ్మ ఎలా మోసపోయిందీ అభినయం చేసి మరీ చూపించాడు. కరీమున్ బీ కళ్ళద్దాల పైనుంచి చూస్తూ ఆఖరిదాకా విన్నది.

"అయిందా?" అంది. "రోజూ బండిలో సగం నా గుమ్మంలో పారేసుకున్నావే, మరి నీ కడియం ఎందుకు ఎర్రబడలేదో ఎప్పుడన్నా చూసుకున్నావా?"

సోంబాబు ముంజేయి చూసుకున్నాడు. పచ్చగానే ఉంది. నిజమే, ఎందుకు?

"టోపీ పెట్టిన పొద్దునే లెక్కేశాను. నన్ను నిలబెడతాకి నువ్వు పడిపోతావని. నీ దగ్గర ఎవరన్నా కొసరడిగితే ఊరుకోనని ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చాను. నీ కాయలు వండుకుని నేనో ముద్ద తిన్నాను. మిగతాది నీ క్యారేజీలో పెట్టి పంపించాను. నువ్వు తిండికి ఖర్చు పెట్టి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు?"

సోంబాబు రోజూ పొద్దున్నే కడియానికి పెట్టే దణ్ణం, ఆ చేతులతోనే, ముందు బీబమ్మకీ, తర్వాత వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా తిరిగి అందరికీ పెట్టాడు. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు వెనకనుంచి దేవమణి అంది, ఎంతో పెద్దరికంగా:

"ఆ లేత వంకాయ ఏ ఊరి సరుకో కనుక్కోమన్నావు కదా బాబాయ్. కనుక్కున్నాను. నీ బండిదే."